సీసాలో రాయి

బోరబండ,
18 జూన్ 2024

చెల్లె జ్యోత్స్నకు,

ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెట్టడం నాయన మనకు నేర్పిన పద్ధతి. ఈసారి ఆ మాట రాయలేను కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నల్లగండ్లలో ఉన్న చెల్లెలికి బోరబండ నుంచి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేసే వీలు లేదు. మాకున్నవి రెండు గదులు. ఏ గదిలో గుసగుసలాడినా మీ వదిన చెవిన పడుతుంది. సాయంత్రమైతే జాకెట్ల డిజైన్లు చూడటానికి నా ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుంది, మెసేజీ పెట్టినా దాగదు. స్కూలు స్టాఫ్‌రూంలో మాట్లాడదామంటే, నేను ఇల్లు చేరేలోపు కబురు మా గల్లీ చేరుతుంది. అందుకే పదో తరగతి పిల్లలు లెక్క చేస్తుండగా ఇది రాస్తున్నాను. మీ మాదాపూర్ ఆఫీసుకు పంపుతాను. నువ్వు కూడా స్కూలు అడ్రసుకే రాయి.

మీ వదిన నాగమణికి కిడ్నీలో పెద్ద రాయి ఉంటే కిడ్నీతో సహా తీసేశారని నీకు చెప్పాను. అది అబద్ధం. రాయి కాదు, క్యాన్సర్. ఆపరేషన్‌కు ముందే నాకు తెలుసు. ఆమెకు తెలియదు, తెలియనివ్వను.

ఆ అబద్ధం కోసం ఎంత దిగజారానో విను. కాస్త లేచి కూర్చోగానే మీ వదిన అడిగిన మొదటి మాట, "పక్క మంచమామెకు తీసిన రాయిని సీసాల వేసి ఇచ్చిన్రు. నాదేది?" అని. అడిగి తెస్తానన్నాను. కిందికి పోయాను. దవాఖాన పక్కన అపార్టుమెంటు కడుతున్నారు. అక్కడి ఇసుక కుప్పలో ఒక గులకరాయి ఏరి, నల్లా కింద కడిగి, హోమియో మాత్రల సీసాలో వేసి తెచ్చి ఇచ్చాను. వెలుతురుకు పెట్టి చూసింది. "గింతంత రాయికి కిడ్నీ మొత్తం తీసిన్రా?" అంది. పెద్దది పగలగొట్టారు, ఇది ఒక ముక్క అన్నాను. ఇప్పుడు ఆ సీసా మా ఇంట్లో దేవుడి అర పక్కన ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. రాయి మళ్ళీ పుట్టకుండా అరటిదూట రసం, బార్లీ నీళ్ళు తాగుతోంది. నన్నూ తాగిస్తోంది.

సర్జన్ గారు తలుపు వేసి చెప్పారు, ఇది తిరిగి వచ్చే రకమని. గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రిలో ఇలాంటివాళ్ళకు కొత్త టీకా ట్రయల్ జరుగుతోందట. ఆ టీకా తయారుచేసేది మీ కంపెనీయేనట! నువ్వు ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నావో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. ఆ ట్రయల్‌లో మీ వదిన పేరు రాయించు. మాకు పిల్లలు లేరు. ఒకరికొకరం మేమిద్దరమే. ఆమె లేని ఇంటికి నేను తాళం తీసుకుని వెళ్ళలేను.

ఆమెతో మాత్రం ఒక్క ముక్క అనకు.

మీ అన్న,
నరేందర్

*

మాదాపూర్,
25 జూన్ 2024

అన్నకు,

మా ఆఫీసుకు చేతిరాత కవరు ఎవరికీ రాదు. కింద సెక్యూరిటీ అతను ఫోన్ చేసి, "మేడమ్, కోర్టు నోటీసు లెక్కున్నది, జర వచ్చి తీస్కోన్రి" అన్నాడు. నవ్వుకుంటూ దిగాను. లిఫ్టులో చదువుతూ పైకి వచ్చాను. తరువాత చాలాసేపు బాత్రూంలో ఉండిపోయాను.

నాకు కూడా అబద్ధం చెప్పావు, దాని సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు టీకా గురించి చెబుతాను. ఇది పోలియో చుక్కల్లాంటిది కాదు. మీ స్కూల్లోకి బయటి కుర్రాళ్ళు మీ యూనిఫాం వేసుకుని దూరారనుకో. వాచ్‌మన్ పట్టుకోలేడు, తనవాళ్ళే అనుకుంటాడు. క్యాన్సర్ కణాలు అలాంటివి, మన ఒంటి కణాలే చెడిపోయినవి. వదిన ఒంట్లోంచి తీసిన గడ్డలో జన్యువులు ఎక్కడెక్కడ చెడ్డాయో మేము చదువుతాము. ఆ చెడినవాటిలో శరీరం గుర్తుపట్టగలిగినవి ఏరడం నా పని. వాటిని ఎంఆర్ఎన్ఏ టీకాగా తయారుచేసి ఇస్తే, వాచ్‌మన్ చేతికి ఆ కుర్రాళ్ళ ఫోటోలు ఇచ్చినట్టు. దానితోపాటు ఇమ్యునోథెరపీ మందు ఇస్తారు. యూనిఫాం ఉన్నవాళ్ళ జోలికి పోవద్దని వాచ్‌మన్‌కు ఉన్న కట్టడిని అది సడలిస్తుంది. ఒకరి గడ్డకు చేసిన టీకా ఇంకొకరికి పనికిరాదు.

ఇది బతికిస్తుందని నేను మాట ఇవ్వలేను. బతికిస్తుందో లేదో తెలుసుకోవడానికే ట్రయల్. వచ్చినవాళ్ళలో సగం మందికి టీకా, మిగతా సగానికి ఉత్త సెలైన్ సూది. ఎవరికేది అనేది కంప్యూటర్ చీటీ తీసినట్టు తేలుస్తుంది. డాక్టరుకు తెలియదు, నాకూ తెలియదు. నా దగ్గరికి పేర్లు రావు, నంబర్లే వస్తాయి. కానీ ఇమ్యునోథెరపీ మందు మాత్రం రెండు సగాలవాళ్ళకూ అందుతుంది. బయట కొనాలంటే అది మన తరం కాదు. అందుకే వదిన ఇందులో చేరాలని నాకూ ఉంది.

అయితే ఒక్కటి. చేరేది వదిన, సంతకం పెట్టాల్సిందీ వదినే. తన జబ్బేమిటో, ఈ మందేమిటో తెలిసి పెట్టాలి. భర్త పెడితే చెల్లదు. తెలియకుండా పెట్టించినా చెల్లదు. ఆపరేషన్ తరువాత కొంతకాలం లోపే చేర్చుకుంటారు, ఆగస్టు దాటితే తలుపు మూసేస్తారు.

వదినకు చెప్పు అన్నా. నువ్వే చెప్పు. ఆమె నువ్వనుకున్నంత పిరికి మనిషి కాదు.

నీ చెల్లె,
జ్యోత్స్న

*

బోరబండ,
3 జూలై 2024

జ్యోత్స్నకు,

పదో తరగతిలో నేను చెప్పే పాఠాల్లో సంభావ్యత ఒకటి. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత, బొరుసు పడే అవకాశం ఎంత. ఇన్నేళ్ళు ఆ నాణెం నల్లబల్ల మీదే ఎగిరింది. నా భార్య మీద ఎగరేస్తారని, ఎగరేసేవాళ్ళలో నా చెల్లె ఉంటుందని నేను అనుకోలేదు. సరే, అది కూడా ఒప్పుకుంటాను. గతిలేనివాడు దేనికైనా ఒప్పుకుంటాడు.

కానీ చెప్పమంటున్నావు చూడు, దానికి ఒళ్ళు మండింది. అమ్మ సంగతి మరిచావా? నువ్వు ఎమ్మెస్సీలో ఉన్నావు. రిపోర్టు నీ చేతికి వచ్చింది. ఇంగ్లీషు చదవడం వచ్చిన సంబరమో ఏమో, గడప దాటకముందే చదివి, "అమ్మా, నీకు గర్భసంచి క్యాన్సర్" అని చెప్పేశావు. ఆ పూట నుంచి అమ్మ ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది, మళ్ళీ ఇటు తిరగలేదు. జబ్బు చంపడానికి ఇంకా వ్యవధి ఉండింది. ముందు నీ మాట చంపింది.

నిజం చెప్పడం నీకు తేలిక. చెప్పి నీ గదిలోకి పోయి చదువుకుంటావు. విన్న మనిషి పక్కన రాత్రీ పగలూ కూర్చునేది మేము.

నాగమణి ఇప్పుడు నవ్వుతోంది. మొన్న బీరకాయ పొట్టు పచ్చడి చేసింది. మిషన్ మీద కూర్చుని రెండు జాకెట్లు కుట్టింది. ఎదురింటి సరోజమ్మ గారికి నడుము నొప్పి వస్తే, "రాయేమో చూపించుకోన్రి, నాకు గిట్లనే మొదలైంది" అని సలహా కూడా ఇచ్చింది. ఈ నవ్వును నా చేతులతో నేను ఆర్పలేను.

ఇక ఆమెతో మాట్లాడవలసింది నేను మాట్లాడుకుంటాను. నువ్వు తేదీ ఇప్పించు చాలు.

నరేందర్

*

మాదాపూర్,
11 జూలై 2024

అన్నకు,

అమ్మను నేను చంపానని ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకుని, ప్రతి రాఖీకి చెయ్యి ఎట్లా చాచావు?

అమ్మ ఏడాదిపాటు రక్తం పోతున్నా ఎవరికీ చెప్పలేదు. కడుపు నొప్పి అంటే నువ్వు గ్యాస్ మాత్ర తెచ్చి ఇచ్చావు. రిపోర్టు వచ్చేసరికే చేయి దాటిపోయింది. అమ్మ గోడవైపు తిరిగింది నా మాటకు కాదు, నొప్పికి. ఆ వైపు తిరిగితే కాస్త తగ్గేదని నాతో చెప్పింది. నువ్వు అడగలేదు కాబట్టి నీకు చెప్పలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడం మన ఇంటి గుణం, నాకూ ఉంది. అందుకే ఇక్కడితో ఆపుతాను.

నీ ఉత్తరంలో చివరి మాట ఒక్కటే నాకు ఊరట. వదినతో మాట్లాడతానన్నావు, మంచి పని. నీకు ఎంత కష్టమో తెలుసు. కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, మెల్లగా చెప్పు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వు.

తేదీలు ఇప్పించే పని నాది కాదు. సర్జన్ రాసిచ్చిన చీటీ తీసుకుని గచ్చిబౌలి వెళ్ళండి, ఎవరు వెళ్ళినా చూస్తారు. ఇంకొక సంగతి. మా పరిశోధనలో చేరబోయే ఒకామె నాకు వదిన అవుతుందని ఆస్పత్రి ఎథిక్స్ కమిటీకి రాశాను. రోగుల మంచిచెడ్డలు చూసేది ఆ కమిటీ. చెప్పకుండా ఉంటే, రేపు చుట్టరికం బయటపడి వదిన పేరే కొట్టేస్తారు.

బోనాలకు వస్తాను. అప్పటికి నువ్వు చెప్పి ఉంటావు కాబట్టి, వదినను ఒకసారి గట్టిగా పట్టుకుని కూర్చుంటాను.

జ్యోత్స్న

*

బోరబండ,
9 ఆగస్టు 2024

జ్యోత్స్నకు,

నీ కడుపు చల్లబడిందా?

నిన్న గచ్చిబౌలి పోయాము. రాయి మళ్ళీ రాకుండా కొత్త సూదిమందు వచ్చింది, దానికి సంతకాలు కావాలి అని మీ వదినకు చెప్పి తీసుకుపోయాను. నేను మాట్లాడతానన్న మాట అదే. నువ్వేమో క్యాన్సర్ అని చెప్పేస్తాననుకున్నావు. నన్ను అంత తెలివితక్కువవాడిగా ఎట్లా అనుకున్నావో నాకు తెలియదు. బోనాలనాడు వచ్చి ఆమె మెడ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నేను వంటింట్లోంచి సైగలు చేయలేక చచ్చాను.

రక్తపరీక్షలన్నీ సరిపోయాయి. స్కానింగ్ శుభ్రంగా ఉంది. అంతా అయ్యాక ఒక చిన్న గదిలో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఎదురుగా కెమెరా పెట్టారు. డాక్టరమ్మ అశ్విని, కర్నూలు వైపు అమ్మాయి, మర్యాదస్తురాలే. "అమ్మా, భయపడొద్దండి. మీకుండే జబ్బు ఏమి, ఈ మందు ఎందుకిస్తామో మీ మాటల్లో చెప్పండి, అంతే" అంది.

మీ వదిన నా వైపు చూసింది. తరువాత కెమెరా వైపు తిరిగి, "కిడ్నీల రాయి ఉండె. తీసేసిన్రు. మల్ల రాకుండ సూదులిస్తరట" అంది.

"రాయి అని ఎవరు చెప్పినారమ్మా?"

"మా సారే చెప్పిండు."

డాక్టరమ్మ కెమెరా ఆపేసింది. నన్ను పక్కకు పిలిచి, "సార్, ఇట్లయితే మేము తీసుకోలేము. ఆమెకు నన్ను చెప్పమంటారా?" అంది. వద్దన్నాను. మీ వదిన చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. వస్తుంటే అక్కడి నర్సు అంది, "కంపెనీవాళ్ళ చుట్టాలు గద సార్, కెమెరా పెట్టి అడగాల్సిందేనని కమిటీ నుంచి చెప్పిన్రు" అని. అంటే నువ్వు రాసిన ఉత్తరం పుణ్యం. చుట్టరికం లేని వాళ్ళయితే ఒక సంతకంతో పోయేది. నా సొంత చెల్లె ఆ ఆఫీసులో ఉన్నందుకు నా భార్యకు మందు దొరకలేదు.

ఆటోలో మీ వదిన నన్ను ఏమడిగిందో తెలుసా? "ఏమైందయ్యా, నేనేమన్న తప్పు చెప్పిన్నా?" అని అడిగింది. లేదు, నీకు ఆ సూది అక్కరలేదట అన్నాను. "మంచిగైంది తియ్" అంది.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. మా గడప తొక్కకు. నీ నిజం నువ్వే ఉంచుకో.

నరేందర్

*

మాదాపూర్,
14 ఆగస్టు 2024

అన్నా,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటి చదివి చింపెయ్యి.

కెమెరా నా ఉత్తరం వల్లే వచ్చిందేమో, కాదనను. కానీ ఆ ప్రశ్న కొత్తది కాదు, చేరే ప్రతి మనిషినీ అడుగుతారు. ఎందుకడుగుతారో నీకు తెలియదు. ఒకప్పుడు ఈ ఊళ్ళోనే ఏం మందో చెప్పకుండా, బీదవాళ్ళ చేత వేలిముద్రలు వేయించుకుని సూదులు పొడిచినవాళ్ళున్నారు. అలాంటిది ఇంకెవరికీ జరగకూడదని ఆ ప్రశ్న పెట్టారు. నువ్వు కూడా నీ భార్య చేత అదే వేలిముద్ర వేయించబోయావు. ప్రేమతోనే అంటావు. వాళ్ళూ మంచికే అనేవాళ్ళు.

నీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ నాకూ కోపం ఉంది. మాట్లాడతానని రాసి, నన్ను వెర్రిదాన్ని చేశావు. బోనాలనాడు వదిన నా చేతిలో ఆ సీసా పెట్టింది. "సైంటిస్టువు గద, గిది ఏం రాయో చెప్పు" అంది. నా వైపే చూస్తోంది. నువ్వు చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు. మైక్రోస్కోపులో చూస్తే గాని తెలియదు వదినా అని నవ్వాను. నవ్వి ఆ సీసా తిరిగి ఇచ్చేశాను. నువ్వు నా చేత కూడా అబద్ధం ఆడించావు.

ఈ నెలాఖరు దాకా గడువుంది. డాక్టర్ అశ్వినికి తలుపు మూసే ఉద్దేశం లేదు. వదినకు చెప్పి మళ్ళీ తీసుకెళ్ళు. నువ్వు చెప్పలేకపోతే నన్ను రమ్మను. నన్ను జన్మంతా తిట్టు, కానీ తీసుకెళ్ళు.

జ్యోత్స్న

*

బోరబండ,
16 ఫిబ్రవరి 2025

జ్యోత్స్నకు,

ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరం చింపలేదు, చదవనూ లేదు. నిన్న తెరిచాను.

మీ వదినకు సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి దగ్గు. మందుల షాపు సిరప్పులు తాగింది. మొన్న ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి. న్యుమోనియా, ఆస్పత్రిలో చేరాలి అని చెప్పాను. "గట్లనా" అంది, ఇంకేమీ అడగలేదు.

ఆ టీకా ఇప్పుడు ఇస్తారేమో అడుగు. ఏ కాగితం మీద ఏం రాయమన్నా రాస్తాను. పదో తరగతి పరీక్షలు వస్తున్నాయి, సెలవు ఇవ్వడం లేదు. పగటిపూట ఆస్పత్రిలో ఆమె దగ్గర కూర్చునే మనిషి లేడు. నువ్వు రాగలిగితే రా. పాత మాటలన్నీ అలాగే ఉన్నాయి, అవి పోలేదు. అయినా రా.

నరేందర్

*

మాదాపూర్,
19 ఫిబ్రవరి 2025

అన్నకు,

అడిగాను. ఇవ్వరు. ఆపరేషన్ తరువాత ఒళ్ళు శుభ్రంగా ఉన్నవాళ్ళకే ఆ ట్రయల్. ఇప్పుడు వదిన దానికి బయటి మనిషి. ఆస్పత్రి ధర్మనిధి నుంచి ఇమ్యునోథెరపీ మందు ఇప్పించడానికి డాక్టర్ అశ్విని తిరుగుతోంది. దొరకవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

నువ్వు గడప తొక్కవద్దన్నావు, తొక్కలేదు. నీ మాట వినడానికి, వినకూడని వేళనే ఎంచుకున్నాను.

సోమవారం నుంచి సెలవు పెట్టాను, వస్తున్నాను. భయపడకు. వదిన దగ్గర నేను నోరు విప్పను.

జ్యోత్స్న

*

దవాఖాన,
20 ఏప్రిల్ 2025

జ్యోత్స్నకు,

మీ వదిన రాసుడు. మూతికి ఈ మాస్కు వెట్టిన్రు, మాట్లాడితే దమ్మొస్తున్నది. ఆయన వరండాల నిలవడ్డడు. నువ్వు క్యాంటీన్ల నుంచి వచ్చేలోపట రాసి నీ బ్యాగుల వెడ్త. ఇంటికి వోయి చదువు. చదివి చింపెయ్.

నాది ఏం రోగమో నాకు తెలుసు. మొదటి నుంచి తెలుసు. ఆయన ఆ సీసా తెచ్చి ఇచ్చిన్నాడే తెలుసు. మా నాయన మేస్త్రి. ఇసుక జల్లెడ వట్టుకుంట పెరిగినదాన్ని, ఇసుకల గులకరాయి నాకు తెల్వదా? ఒంట్ల పుట్టిన రాయి గంత నున్నగ ఉంటదా? గని ఆ సీసా ఇచ్చేటప్పుడు ఆయన గోర్లల్ల ఇసుక ఉండె. గింత చదువుకున్న సారు నా కోసం ఇసుక కుప్పల దేవులాడిండు. అబద్ధం ఆడుడు రాని మనిషి. ఆయన తెచ్చిన సొమ్ములన్నిట్ల నాకు గదే పెద్దదనిపించింది. అందుకే అందరికి చూపిచ్చిన.

గచ్చిబౌలిల కెమెరా ముంగట నా జబ్బేందో చెప్పుమన్నరు. నోటిదాక వచ్చింది. ఆయన దిక్కు చూసిన. మొఖంల నెత్తురు చుక్క లేదు. నేను ఆ మాట అంటే గక్కడనే కూలుతుండె. ఇన్నొద్దులు నాకు తెలిసే ఆయనను ఆడనిచ్చిన అని తెలిస్తే తల యాడ వెట్టుకుంటడు? అందుకే రాయన్న. ఆయన దమ్ము తీసుకున్నడు. నాకు మంచిగనిపించింది. బయటికి వచ్చినంక, ఇగ ఆ సూది నాకు రాదని సమజైంది.

ఆయనను జర అవతలికి పంపి అడిగితే నేను చెప్తుంటి. ఎవ్వలు అడగలే. నువ్వు గూడ అడగలే బిడ్డా. బోనాలనాడు సీసా నీ చేతిల వెట్టిన. నువ్వన్న చెప్తవేమో, ఇద్దరం కలిసి ఆయనకు ధైర్యం చెప్దుమేమో అనుకున్న. నువ్వు నవ్వినవు.

నీ మీద కోపం లేదు. ఆయనకు మాత్రం ఎన్నడు చెప్పకు. నాకు ఏం తెల్వకుండ పోయిన్నని ఉండనియ్యి. మంచిగ చూసుకున్నననే నమ్మకం మీదనే బతుకుతడు. అది తీసేస్తే ఆయనకు ఇంకేం లేదు.

అన్నం మానుకుంటడు. జర చూడు.

నాగమణి

*

బోరబండ,
5 జూన్ 2025

జ్యోత్స్నకు,

దినాలు అయిపోయాయి. చుట్టాలు పోయారు. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు ఎవరిదో తెలియదు, ఎవరూ అడగడానికి రాలేదు. తాళం తీసుకుని లోపలికి వెళ్ళలేనని నీకు ఒకసారి రాశాను. రోజూ వెళ్తున్నాను. అలవాటు కాలేదు.

నన్ను ఒక సంగతి తినేస్తోంది. ఆమె చీరలు సర్దుతుంటే ఆ సీసా దొరికింది. దేవుడి అర నుంచి ఎప్పుడు తీసిందో, తన పెండ్లి చీర మడతలో పెట్టుకుంది. జబ్బు రాయిని ఎవరైనా పెండ్లి చీరలో దాస్తారా? అప్పటి నుంచి ఆ రోజు కెమెరా ముందు నా వైపు చూసిన చూపు గుర్తొస్తోంది. దగ్గు వచ్చినప్పుడు "గట్లనా" అని ఊరుకున్నది గుర్తొస్తోంది. అన్నీ ప్రశ్నించే మనిషి, ఎందుకు ఊరుకుంది?

చివరి రెండు నెలలు పగలంతా ఆమె దగ్గర ఉన్నది నువ్వు. నన్ను ఊరడించకుండా చెప్పు. ఆమెకు తెలుసా?

తెలియకుండానే రాయి అని ఉంటే, తప్పు నీదీ నీ కమిటీదీ. ఆ ఉత్తరం నువ్వు రాయకపోతే ఆమె బతికేదేమో. నిన్ను క్షమించడం నా వల్ల కాదు, కానీ నేను నిద్రపోగలను. తెలిసి కూడా నా ముఖం చూసి రాయి అని ఉంటే, ఆమెకూ మందుకూ మధ్య అడ్డంగా కూర్చున్నది నేను. అప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు.

అమ్మకు చెప్పినదానివి. ఎవరి ముఖమూ చూడకుండా చెప్పగలిగిన మనిషివి నువ్వొక్కదానివే. నీకు అబద్ధం రాదు. అందుకే నిన్నే అడుగుతున్నాను.

నరేందర్

*

మాదాపూర్,
12 జూన్ 2025

అన్నకు,

నువ్వు అడిగినదానికి జవాబు ముందు రాస్తాను. వదినకు తెలియదు.

నా దగ్గర ఒక్కసారి కూడా ఆ జబ్బు పేరు ఎత్తలేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందనే అనుకుంది. ఇంటికి పోయాక బార్లీ నీళ్ళు మానేయాలా తాగాలా అని నర్సును అడిగింది. తెలిసిన మనిషి అలా అడగదు. కెమెరా ముందు ఆమె తను నమ్మిన మాటే చెప్పింది. నువ్వు పక్కన ఉన్నా, గది బయట ఉన్నా అదే చెప్పేది. నీ వైపు చూసిందంటే, ఏ ఆస్పత్రిలోనైనా ముందు నీ వైపే చూసేది కాబట్టి.

కమిటీకి ఉత్తరం రాసింది నేను. నీ లెక్క సరిగ్గానే ఉంది. నన్ను క్షమించమని అడగను.

నేను తిరిగి పనిలో చేరాను. రోజూ నంబర్లు వస్తున్నాయి, ఏరుతున్నాను. వాళ్ళలో ఎవరి పక్కన ఎవరు కూర్చుని ఉన్నారో నాకు తెలియదు. రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని కమిటీకి మరొక ఉత్తరం రాశాను. ఎందుకని వాళ్ళు అడిగారు. ఊరికే అన్నాను.

నువ్వు అన్నం మానుకుంటున్నావని సరోజమ్మ గారు ఫోన్ చేశారు. ఆదివారం వస్తాను, తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

పెండ్లి చీర సంగతి మనసులోంచి తీసెయ్యి. నువ్వు తెచ్చి ఇచ్చినవన్నీ వదిన ఆ చీరలోనే దాచేది. ఆ సీసాను పారేయకు. చివరిదాకా అది తన ఒంట్లోంచి తీసిన రాయి అనే అనుకుంది.

నీ చెల్లె,
జ్యోత్స్న